ఎన్ని గంటలకో రాశారు, ఎక్కడి గంటలో రాయలేదు

సి ప్రోగ్రాముల్లో తేదీ, టైమ్ దగ్గర మీకు ఎక్కడ తేడా వస్తోందో రాయమని పోయిన నెల ఈ పేజీలో అడిగాను. చాలా ఉత్తరాలు వచ్చాయి. వేరువేరు ప్రశ్నల్లా కనిపించినా ఎక్కువ భాగం ఒక్క చోటికే వస్తున్నాయి: టైమ్ పక్కన రాసే ఆ +05:30 దగ్గరికి. దాన్ని టైమ్‌జోన్ ఆఫ్‌సెట్ అంటాం. యూటీసీ అనే ప్రపంచ టైముకు మన గడియారం ఎంత ముందుందో, ఎంత వెనకుందో చెప్పే అంకె అది. ఇరవై రెండేళ్లు ప్రోగ్రాములు రాసి, ఇప్పుడు కాకినాడలో సాయంత్రాలు పిల్లలకు సి చెబుతున్నాను. ఈ అంకె మీద ఉన్నంత పట్టింపు నాకు ఇంకే అంకె మీదా లేదు. ఎందుకో మొదటి జవాబులోనే చెబుతాను.

ఫంక్షన్ల పేర్లు క్లాసులో పలికినట్టే రాస్తున్నాను. తేదీకీ టైముకీ మధ్య వచ్చే అక్షరాన్ని "టీ" అని వేశాను.

భీమవరం దగ్గర నుంచి ఒక పాఠకుడు: మేడం గారికి నమస్కారం. కోల్డ్ స్టోరేజీలకు టెంపరేచర్ రికార్డర్లు తయారుచేసే చిన్న కంపెనీలో చేస్తున్నాను. ప్రతి రీడింగు పక్కన టైమ్ రాస్తాం. టైమును అక్షరాల్లో రాసిచ్చే ఎస్‌టీఆర్‌ఎఫ్‌టైమ్ ఫంక్షన్‌లో శాతం గుర్తు, చిన్న జెడ్ వాడితే +0530 అని వస్తోంది. కొనేవాళ్ల సాఫ్ట్‌వేర్ మాత్రం మధ్యలో కోలన్ ఉంటేనే తీసుకుంటోంది. అందుకని ఆఫ్‌సెట్ సెకన్లను 3600తో భాగించి గంటలు, శేషాన్ని 60తో భాగించి నిమిషాలు తీసి నేనే ప్రింట్ చేస్తున్నాను. బాగానే వస్తోంది. మా సీనియర్ మాత్రం ఇది ఎప్పుడో ఒకప్పుడు దెబ్బ కొడుతుందంటున్నారు. తప్పెక్కడుంది?

మీ సీనియర్ చెప్పింది నిజం. మీ కోడు ఇండియాలో కూర్చుని ఎన్నేళ్లు పరీక్షించినా తప్పు బయటపడదు. రికార్డరు ఓడ ఎక్కి దేశం దాటాక బయటపడుతుంది.

కాగితం మీద చేసి చూడండి. మన ఆఫ్‌సెట్ 19800 సెకన్లు. 3600తో భాగిస్తే 5, శేషం 1800, దాన్ని 60తో భాగిస్తే 30. నేపాల్‌ది 20700. అక్కడా 5, 45 అని సరిగ్గానే వస్తుంది. ఇప్పుడు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీసుకోండి. చలికాలంలో అక్కడి గడియారం యూటీసీకి మూడున్నర గంటలు వెనక, అంటే -12600. 3600తో భాగిస్తే -3. సి భాష 1999 ప్రమాణమైన సి99 నుంచి భాగహారం సున్నా వైపుకే తెగుతుంది కాబట్టి శేషం -1800, దాన్ని 60తో భాగిస్తే -30. మీ ప్రోగ్రాం అచ్చువేసేది -03:-30. ఆ లైను చదవగలిగే సాఫ్ట్‌వేర్ ఎక్కడా ఉండదు.

సరే, నిమిషాల మైనస్ తీసేస్తే చాలు కదా అనిపిస్తుంది. చాలదు. లైబీరియా 1972 దాకా యూటీసీకి 44 నిమిషాల 30 సెకన్లు వెనక ఉండేది, అంటే -2670. దాన్ని 3600తో భాగిస్తే సున్నా. సున్నాకు మైనస్ ఉండదు. కాబట్టి గంటల దగ్గరే గుర్తు పోయి +00:44 అయి కూర్చుంటుంది. వెనక ఉన్న దేశాన్ని ముందుకు తెచ్చేశాం. అందుకే గుర్తును భాగహారానికి వదిలేయకూడదు. ముందు ఆఫ్‌సెట్ సున్నాకన్నా తక్కువో కాదో చూసి, ప్లస్సో మైనస్సో ఒక క్యారెక్టర్ వేరియబుల్‌లో పెట్టండి. తక్కువైతే ఆఫ్‌సెట్‌ను ప్లస్సుకు మార్చండి. ఆ తర్వాతే భాగించండి. ప్రింట్ చేసేటప్పుడు గుర్తు, రెండంకెల గంటలు, కోలన్, రెండంకెల నిమిషాలు. రెండు లైన్లు పెరిగాయి, అంతే.

ఆ సెకన్లు మీరు తేదీ, టైమ్ ముక్కలన్నీ ఉండే టీఎం స్ట్రక్చర్‌లో, ఆఫ్‌సెట్ ఉండే జీఎంటీఆఫ్ మెంబరు నుంచి తీస్తున్నారనుకుంటాను. లినక్స్‌లో, మ్యాక్‌లో అది ఉంటుంది. సి ప్రమాణంలో లేదు, యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ప్రమాణమైన పోసిక్స్‌లోకి 2024లోనే వచ్చింది. కంపైలర్‌కు కచ్చితంగా సి99 అని ఆప్షన్ ఇస్తే లినక్స్‌లో కూడా "అలాంటి మెంబరు లేదు" అని ఎర్రర్ వస్తుంది. అప్పుడు కంగారు పడకండి. జీఎన్‌యూ99 అని ఇస్తే సరిపోతుంది.

ఆ మెంబరు వద్దనుకుంటే ఇంకో దారి ఉంది, నేను ఎక్కువగా వాడిందీ అదే. ఎస్‌టీఆర్‌ఎఫ్‌టైమ్‌ను దాని మానాన +0530 అని రాయనివ్వండి. అప్పుడు మొత్తం 24 అక్షరాలు: తేదీకి 10, టీ ఒకటి, టైముకు 8, ఆఫ్‌సెట్‌కు 5. సున్నా నుంచి లెక్కపెడితే నిమిషాల రెండంకెలు 22, 23 స్థానాల్లో ఉంటాయి. 23లోది 24కి, 22లోది 23కి జరిపి, ఖాళీ అయిన 22లో కోలన్ పెట్టి, 25లో ముగింపు సున్నా వేయండి. కుడివైపు నుంచే జరపాలి. ఎడమ నుంచి మొదలుపెడితే ఒక అంకె మీద ఇంకొకటి పడిపోతుంది. ఈ అక్షరాలు ఉండే బఫర్ 26కి తగ్గకూడదు. నేనైతే 32 పెడతాను. జరపడానికి ముందు ఎస్‌టీఆర్‌ఎఫ్‌టైమ్ తిరిగిచ్చిన అంకె 24 అవునో కాదో తప్పకుండా చూడండి. బఫర్ చాలకపోతే అది సున్నా ఇస్తుంది, అప్పుడు బఫర్‌లో ఏముందో నమ్మడానికి లేదు. సిస్టమ్‌కు తన టైమ్‌జోన్ ఏదో తెలియకపోతే జెడ్ దగ్గర ఏమీ రాయదు. అప్పుడు 19 వస్తుంది.

కోలన్ కోసం అంత పట్టు ఎందుకని మీకు అనిపించి ఉంటుంది. తేదీ, టైమ్ రాయడానికి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8601లో రెండు రాతలున్నాయి, గుర్తులేవీ లేకుండా అంకెలు కలిపి రాసేది ఒకటి, హైఫన్లూ కోలన్లూ పెట్టి విడదీసి రాసేది ఒకటి. తేదీ, టైమ్ విడదీసి రాసి ఆఫ్‌సెట్ ఒక్కటీ కలిపి రాస్తే ఆ రెండూ కలగాపులగం అయినట్టే. ఇంటర్నెట్ కోసం 2002లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3339 కోలన్ ఉండి తీరాలంటుంది. మీ కొనుగోలుదారుల సాఫ్ట్‌వేర్ న్యాయంగానే అడుగుతోంది.

ఇక నా పట్టింపు సంగతి. మీరు చేస్తున్న పనే పద్నాలుగేళ్ల కింద నేనూ చేశాను. రొయ్యల కంటెయినర్‌కు మా రికార్డరు పెట్టారు. లోడింగ్ రాత్రి 9:40కి మొదలైంది. తలుపు తెరిచి ఉండడంతో మైనస్ 18 డిగ్రీలు ఉండాల్సింది మైనస్ 11కు వచ్చి, తలుపు వేశాక మళ్లీ దిగింది. లోడింగ్‌లో అది మామూలే. రాత్రి 11 గంటలకు సీలు వేశారు. సీలు కాగితం మీద టైమ్ యూటీసీలో 17:30 అని పడింది. మా రికార్డరు మాత్రం ఉత్త 21:40 అని రాసింది, పక్కన ఆఫ్‌సెట్ లేదు. అవతలి దేశంలో కాగితాలు చూసినాయన రెండూ యూటీసీ అనే అనుకున్నాడు. ఆయన లెక్కలో సీలు వేసిన నాలుగు గంటల పది నిమిషాల తర్వాత కంటెయినర్ లోపల వేడెక్కింది, అంటే దారిలో ఎవరో సీలు తీశారు. సరుకు పదకొండు రోజులు ఆగిపోయింది. ఆ పదకొండు రోజులూ చెరువు రైతుకు రావాల్సిన డబ్బూ ఆగింది. నేను ప్రతి రీడింగునూ యూటీసీలోకి మార్చి, పక్కన మన టైమ్ రాసి, సంతకం పెట్టి పంపాను. ఆయన తప్పు చదివాడని నేను ఎప్పుడూ అనలేదు. 21:40 అన్నది ఎక్కడి 21:40నో నా ప్రోగ్రాం చెప్పలేదు. ఆరు అక్షరాలు, +05:30, ఉంటే ఆ రోజు ఏమీ జరిగేది కాదు.

కాబట్టి మీ పరికరం మెమరీలో యూటీసీ సెకన్లే దాచండి. మనిషి చదవడానికి అచ్చువేసే ప్రతి చోటా ఆఫ్‌సెట్ వేయండి. ఇక్కడే చదువుతారు కదా, అవసరం లేదులే అనుకోకండి. కాగితం ఎక్కడికి వెళుతుందో అచ్చువేసే రోజున మనకు తెలియదు.

కాకినాడ నుంచి బీటెక్ రెండో సంవత్సరం అమ్మాయి: మేడం, ఆఫ్‌సెట్ నేనే కనుక్కోవాలని యూటీసీ టైమ్ ఇచ్చే జీఎంటైమ్‌తో ఒకటి, మన టైమ్ ఇచ్చే లోకల్‌టైమ్‌తో ఒకటి తీసి, రెండిటినీ సెకన్లుగా మార్చే ఎంకేటైమ్‌కు ఇచ్చి తీసివేశాను. ఎప్పుడూ సున్నానే వస్తోంది. కంప్యూటర్‌లో టైమ్ మాత్రం సరిగ్గా ఇండియాదే ఉంది. రెండు రోజుల నుంచి ఇదే టెన్షన్.

అమ్మా, నీ లెక్క సరైనదే. నువ్వు రెండు పలకలు తీసుకున్నాననుకున్నావు, నీ చేతిలో ఉన్నది ఒక్కటే.

జీఎంటైమ్, లోకల్‌టైమ్ నీకు ఇచ్చేది స్ట్రక్చర్ కాదు, అది ఉన్న అడ్రసు. ఆ స్ట్రక్చర్ లైబ్రరీ లోపల ఉంటుంది. రెండు ఫంక్షన్లూ ఒకే స్ట్రక్చర్ వాడుకోవచ్చని సి ప్రమాణమే ఒప్పుకుంటుంది. నువ్వు ముందు జీఎంటైమ్ పిలిచావు, యూటీసీ టైమ్ అందులో పడింది. తర్వాత లోకల్‌టైమ్ పిలిచావు, దాన్ని చెరిపేసి మన టైమ్ అక్కడే రాసింది. ఇప్పుడు నీ పాయింటర్లు రెండూ చూసేది ఒకే చోటికి. ఒకే దాంట్లోంచి అదే తీసేస్తే సున్నా రాక ఏమొస్తుంది? నా మాట నమ్మక్కర్లేదు, శాతం గుర్తు, పీ పెట్టి రెండు పాయింటర్లనూ ప్రింట్ చేసి చూడు. ఒకే అడ్రసు కనిపిస్తుంది. క్లాసులో ఇది చూపించినప్పుడు పిల్లల ముఖాలు వెలిగిపోతాయి. పాయింటర్ అంటే ఏమిటో ఆ రోజు నిజంగా అర్థమవుతుంది.

దీనికి మందు: జీఎంటైమ్ పిలవగానే అది చూపించినదాన్ని నీ సొంత టీఎం వేరియబుల్‌లోకి కాపీ చేసుకుని, ఆ తర్వాతే లోకల్‌టైమ్ పిలువు. లేదా పేరు చివర అండర్‌స్కోర్, ఆర్ ఉన్న జీఎంటైమ్_ఆర్, లోకల్‌టైమ్_ఆర్ వాడు. వాటికి స్ట్రక్చర్ నువ్వే ఇస్తావు కాబట్టి గొడవ లేదు. ఇవి లినక్స్‌లో ఎప్పటి నుంచో ఉన్నాయి, సి ప్రమాణంలోకి సి23తో వచ్చాయి. విండోస్‌లో లోకల్‌టైమ్_ఎస్ వాడమంటారు. అక్కడ స్ట్రక్చర్ అడ్రసు ముందు, టైమ్ అడ్రసు తర్వాత ఇవ్వాలి. సి11లో అదే పేరున్న ఫంక్షన్‌కు వరస తలకిందులు. ఇది జ్ఞాపకం పెట్టుకో.

ఇంకో సంగతి, ఇక్కడ కనపడదు కానీ ఉంది. జీఎంటైమ్ ఇచ్చిన స్ట్రక్చర్‌లో వేసవి టైమా కాదా చెప్పే ఐఎస్‌డీఎస్‌టీ అనే మెంబరు సున్నాగా ఉంటుంది. వేసవిలో గడియారం గంట ముందుకు జరిపే న్యూయార్క్ లాంటి చోట నీ ప్రోగ్రాం నడిపితే, జూలైలో -4 గంటలు రావాల్సింది -5 వస్తుంది. ఎంకేటైమ్‌కు ఇచ్చే ముందు లోకల్‌టైమ్ స్ట్రక్చర్‌లోని ఐఎస్‌డీఎస్‌టీని జీఎంటైమ్ స్ట్రక్చర్‌లోకి కాపీ చెయ్యి.

మీ ల్యాబ్‌లో ఇంకా టర్బో సి నీలం తెరే ఉంటే చిన్న జెడ్ దగ్గర ప్రయాస పడకు. అది సి99తో వచ్చింది, టర్బో సి అంతకన్నా పాతది. పాత విండోస్ లైబ్రరీల్లో చిన్న జెడ్ పెట్టినా ఆఫ్‌సెట్ రాదు, ఇండియా స్టాండర్డ్ టైమ్ అని మాటల్లో వస్తుంది. ఇంట్లో జీసీసీ కంపైలర్ పెట్టుకుని నేర్చుకో.

నిజామాబాద్ నుంచి ఒక పాఠకుడు: ఇంటి నుంచే పని చేస్తాను. ప్రోగ్రామును విడిగా ఒక పెట్టెలో పెట్టినట్టు నడిపే సాఫ్ట్‌వేర్ కంటెయినర్‌లో మా సి ప్రోగ్రాం నడుస్తుంది. టీజెడ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఆసియా/కోల్‌కతా పెట్టాను. లాగ్‌లో +0000 వస్తోంది, జోన్ పేరు దగ్గర ఉత్త "ఆసియా" అని పడుతోంది. పోనీ అని ఐఎస్‌టీ+5:30 పెడితే -0530 వచ్చింది!

ఆ "ఆసియా" అన్న మాటే జబ్బు ఏమిటో చెప్పేస్తోంది. ఆసియా/కోల్‌కతా అన్నది ఒక ఫైలు పేరు. మన జోన్ చరిత్ర అంతా ఆ ఫైల్లో ఉంటుంది. చిన్న సైజు కోసం కోసేసిన కంటెయినర్లలో చాలాసార్లు ఆ ఫైళ్లే ఉండవు. ఫైలు దొరకనప్పుడు లినక్స్‌లోని సి లైబ్రరీ జీలిబ్‌సీ ఎర్రర్ ఇవ్వదు. మీరు రాసినదాంట్లో ముందున్న అక్షరాలను జోన్ పేరుగా తీసుకుని, ఆఫ్‌సెట్ సున్నా అనుకుని, యూటీసీతో నడిచిపోతుంది. ఆ ఫైళ్లుండే టీజెడ్‌డేటా ప్యాకేజీ కంటెయినర్‌లో వేయండి, సరిపోతుంది. ప్రోగ్రాం మొదలవగానే ఒకసారి ఆఫ్‌సెట్ చదివి 19800 కాకపోతే గట్టిగా ఫిర్యాదు చేసే నాలుగు లైన్లు కూడా రాసుకోండి. ఆఫీసు అంతా ఇండియాలోనే ఉంటే ఆ చెక్ ఎప్పుడూ తప్పవదు.

రెండోది మీ తప్పు కాదు, పాత నియమం. పోసిక్స్‌లో టీజెడ్ విలువ నేరుగా రాస్తే, యూటీసీ రావడానికి ఆ టైముకు ఎంత కలపాలో రాయాలి. మనం ఐదున్నర తీసేయాలి కాబట్టి ఐఎస్‌టీ-5:30 అని రాయాలి. అచ్చులో +0530 వస్తుంది. అన్నట్టు శాతం గుర్తు, పెద్ద జెడ్ ఇచ్చే ఐఎస్‌టీ అనే మూడక్షరాలను లాగ్‌లో నమ్ముకోకండి. ఇజ్రాయెల్, ఐర్లండ్ కూడా తమ టైముకు అవే అక్షరాలు వాడతాయి.

న్యూజెర్సీ నుంచి ఒక పాఠకుడు: మేడం గారూ, మా సర్వర్‌కు ఇండియా నుంచి 2025-07-10టీ09:00:00+05:30 అని మెసేజ్ వచ్చింది. రాసిన టైమును స్ట్రక్చర్‌లోకి తెచ్చే ఎస్‌టీఆర్‌పీటైమ్‌తో చదివి ఎంకేటైమ్‌కు ఇచ్చాను. పదిన్నర గంటలు తేడా వచ్చింది. ఆఫ్‌సెట్ చదవలేదేమో అనుకుంటే జీఎంటీఆఫ్‌లో 19800 చక్కగా ఉంది. పైగా జూలైలో అమ్మావాళ్లకూ మాకూ తేడా తొమ్మిదిన్నరే కదా, ఆ గంట ఎక్కడిది?

రెండు తప్పులు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. మీ అమ్మగారితో ఫోన్ లెక్క గుర్తుండబట్టి రెండోది పట్టుకున్నారు, సంతోషం.

మొదటిది: ఎంకేటైమ్ జీఎంటీఆఫ్ వైపు చూడనే చూడదు. అది ఎప్పుడూ ఒక్కటే చేస్తుంది, స్ట్రక్చర్‌లోని గంటలూ నిమిషాలూ తానున్న మెషిన్ జోన్‌వే అనుకుంటుంది. మీ 9 గంటలను న్యూజెర్సీ 9 గంటలుగా తీసుకుంది. అక్కడికి తొమ్మిదిన్నర. రెండోది: చదివే ముందు స్ట్రక్చర్ మొత్తాన్ని సున్నాలతో నింపి ఉంటారు. మంచి అలవాటే, కానీ అందులో ఐఎస్‌డీఎస్‌టీ కూడా సున్నా అయింది. అంటే "జూలై అయినా సరే, ఇది చలికాలపు లెక్క" అని ఎంకేటైమ్‌కు మీరే చెప్పారు. ఆ గంట అక్కడిది.

ఇక్కడ వాడాల్సింది టైమ్‌జీఎం. అది స్ట్రక్చర్‌ను యూటీసీ అనుకుని సెకన్లు ఇస్తుంది. ముందు జీఎంటీఆఫ్‌ను వేరే లాంగ్ వేరియబుల్‌లో దాచుకోండి, ఎందుకంటే టైమ్‌జీఎం పని అయ్యేసరికి స్ట్రక్చర్‌లోది సున్నా అయిపోతుంది. ఈ వరస తప్పి ఒక పూట పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. టైమ్‌జీఎం ఇచ్చిన సెకన్లలోంచి దాచుకున్న 19800 తీసేయండి. 09:00 లోంచి 5:30 పోతే 03:30 యూటీసీ, అదే అసలు క్షణం. టైమ్‌జీఎం కూడా సి23లో ప్రమాణమైంది.

మీరుండే చోట ఆఫ్‌సెట్ రాయడం ఎంత అవసరమో నవంబరు మొదటి ఆదివారం చూడండి. 2025లో అది 2వ తేదీ. తెల్లవారుజామున 2 గంటలకు గడియారం 1కి వెనక్కి వస్తుంది కాబట్టి 1:30 రెండుసార్లు వస్తుంది. మొదటిది -04:00, గంట తర్వాత వచ్చేది -05:00. మీ లాగ్‌లో ఆఫ్‌సెట్ లేకపోతే ఆ రెండూ ఒకటే. అదే సమయంలో మీ అమ్మగారి గడియారంలో పగలు 11 ఒకటి, 12 ఒకటి. ఆవిడకు రెండు ఫోన్లూ వేరువేరుగానే తెలుస్తాయి. ఆఫ్‌సెట్ అన్నది ఊరికి ఒకసారి ఇచ్చేసిన నంబరు కాదు, ఆ క్షణానిది. కాబట్టి ప్రోగ్రాం మొదట్లో ఒకసారి కనుక్కుని గ్లోబల్ వేరియబుల్‌లో పెట్టుకోకండి. టైమ్ అచ్చువేసే ప్రతిసారీ ఆ టైముకే అడగండి.

తెనాలి నుంచి ఒక పాఠకుడు: మా నాన్నగారు జాతకాలు రాస్తారు. ఆయన కోసం లగ్నం కట్టే ప్రోగ్రాం సి లో రాశాను. ఇండియాలో గడియారం జరపడం లేదు కదా అని ఐఎస్‌డీఎస్‌టీ సున్నా పెట్టాను. అందరికీ సరిపోతోంది, 1943లో పుట్టిన మా పెదనాన్న గారికి మాత్రం గంట తేడా వస్తోంది. నాన్నగారు "ప్రోగ్రాం తప్పు" అని పక్కన పెట్టేశారు.

నాయనా, ఈ నెల ఉత్తరాలన్నిటిలో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది నీదే.

మన దేశంలో గడియారం జరపలేదని అందరం అనుకుంటాం. జరిపారు. రెండో ప్రపంచ యుద్ధంలో గంట ముందుకు పెట్టారు. 1945 అక్టోబరు దాకా అలాగే ఉంది. 1943లో ఏ తేదీ తీసుకున్నా మన గడియారం +06:30. నీ లినక్స్‌లోని ఆసియా/కోల్‌కతా ఫైల్లో ఇది రాసే ఉంది, వేసవి టైములాగే ఐఎస్‌డీఎస్‌టీ ఒకటి అని రాసి ఉంది. నువ్వు సున్నా పెట్టి "మామూలు టైమే" అన్నావు. ఎంకేటైమ్ నీ మాట విని 5:30తో లెక్కకట్టి, స్ట్రక్చర్‌లో గంట ముందుకు జరిపి నీకు తిరిగి ఇచ్చింది. ఐఎస్‌డీఎస్‌టీలో -1 పెట్టు. నాకు తెలియదు, నువ్వే చూసుకో అని దానర్థం. అప్పుడు ఫైలు చూసి సరైనది తనే ఎంచుకుంటుంది. దాదాపు రెండు గంటలకు లగ్నం మారుతుంది కాబట్టి ఈ గంట చిన్నది కాదని నాన్నగారికి నేను చెప్పక్కర్లేదు.

నీకు తప్పకుండా తగిలే రాయి ఇంకొకటి ఉంది. ఎంకేటైమ్ ఫెయిలైతే -1 ఇస్తుంది. కానీ -1 అన్నది నిజమైన టైమ్ కూడా. సెకన్ల లెక్క మొదలయ్యేది యూటీసీలో 1970 జనవరి 1 సున్నా గంటలకు, మనకు ఆ రోజు పొద్దున్న 5:30కి. 5:29:59కి పుట్టిన బిడ్డకు -1 వస్తుంది. అంతకుముందు పుట్టినవాళ్లందరికీ మైనస్ సంఖ్యలే, వాటిని ఎర్రర్ అనుకోకు. వారం చెప్పే మెంబరులో ముందే -1 పెట్టి పిలువు. పిలిచాక అది మారితే టైమ్ సరైనదే, మారకపోతే ఎర్రర్.

1906కు ముందు పుట్టిన ముత్తాతల దగ్గరికి వెళితే ఆ ఫైలు 5 గంటల 21 నిమిషాల 10 సెకన్లు ఇస్తుంది. అది మద్రాసు టైమ్. 1906లో 82.5 డిగ్రీల తూర్పు రేఖను దేశం మొత్తానికి తీసుకున్నారు. ఆ రేఖ మా కాకినాడ పక్కనుంచే పోతుంది. పదిహేను డిగ్రీలకు గంట చొప్పున అదే ఐదున్నర అయింది. చిన్న జెడ్ మద్రాసు టైమును +0521 అని రాస్తుంది, 10 సెకన్లకు అందులో చోటు లేదు. కాబట్టి అచ్చువేసిన స్ట్రింగును మళ్లీ చదివి లగ్నం కట్టకు, సెకన్ల సంఖ్యతోనే కట్టు.

చివరగా నాన్నగారిని ఒక్క మాట అడుగు: పెదనాన్న గారి పుట్టిన టైమ్ గడియారం చూసి రాసిందా, ఘడియల్లో రాసిందా? ఆ తరంలో చాలా ఇళ్లలో సూర్యోదయం నుంచి ఇన్ని ఘడియలు, ఇన్ని విఘడియలు అని తాటాకు మీదో పంచాంగం అంచునో రాసి పెట్టేవారు. అలా అయితే గడియారానికీ యుద్ధానికీ సంబంధమే లేదు. ఆ ఊరి సూర్యోదయం యూటీసీ సెకన్లలో కట్టి, ఘడియకు 1440, విఘడియకు 24 చొప్పున కలుపు. 12 ఘడియల 30 విఘడియలు అయితే 18000 సెకన్లు, సరిగ్గా ఐదు గంటలు. ఆ క్షణాన్ని లోకల్‌టైమ్‌కు ఇచ్చి అచ్చువేస్తే, పక్కన +06:30 అని వస్తుంది. పాత అలవాటు కొద్దీ దాన్ని +05:30కి దిద్దకు. నాన్నగారికి ఆ కాగితం అలాగే చూపించు.